అత్తయ్య పెట్టిన టిక్కులు

మబ్బుల మేడమ్‌కి,

నేల మీద మిగిలిపోయిన మీ ఆయన రాసేది. నేను క్షేమం. ఇల్లు నిలబడే ఉంది. కొండ మీద నువ్వూ, నీ వాన కొలిచే గొట్టాలూ, గాలికి గిరగిరా తిరిగే ఆ గిన్నెలూ అంతా క్షేమమని తలుస్తాను. నీ ఉత్తరం అందింది. సరుకుల బండి డ్రైవరు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చాడు. మడతల దగ్గర అక్షరాలు చెమటకు అలుక్కుపోయాయి గాని, నీ కోపం మాత్రం ఎక్కడా అలుక్కుపోలేదు.

ఇది కాస్త పొడుగు ఉత్తరం. నీ అలవాటు నాకు తెలుసు, ఏది చేతికిచ్చినా ముందు చివరి పేజీ చూస్తావు. ఈసారికి వరుసగా చదువు. ఎంత పని ఉన్నా ఆపి, బండి తిరిగి బయల్దేరక ముందే చదువు. సరుకులు దింపే ముందు దీన్ని నీ చేతిలో పెట్టమని డ్రైవరుకు గట్టిగా చెప్పాను. మంచు పడే ముందు పైకి వచ్చే ఆఖరి బండి ఇదేనట కదా.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు. వంటింటి కుళాయికి వాషరు మార్చాను. కింది ఊరికి దిగినప్పుడు ఫోనులో చూస్తే ‘ఇల్లు’ పేజీలో టిక్కు లేదని రాశావు. నీ లెక్కలో టిక్కు పడితేనే పని అయినట్టు. నా లెక్కలో నీళ్ళు కారడం ఆగితే అయినట్టు. అత్తయ్య కళ్ళజోడుకు కొత్త కాడ వేయించాను, డబ్బా కూడా కొత్తది కొన్నాను. బాల్కనీలో నీ తులసి బతికే ఉంది, గులాబీ పోయింది. దాన్ని బతికించాలని చాలా చూశాను. నీళ్ళు ఎక్కువయ్యాయని పక్కింటి పిన్నిగారు, తక్కువయ్యాయని వాళ్ళాయన. వాళ్ళిద్దరూ తేల్చుకునేలోపు అది వెళ్ళిపోయింది.

నువ్వు బయల్దేరే ముందు ఆ సాయంత్రమంతా కూర్చుని ఫోనులో ఆ నోట్సు యాప్ పెట్టి, అందరి ఫోనుల్లోనూ కనిపించేలా మనకు పేజీలు చేసిన సంగతి గుర్తుందా? ‘ఇల్లు’ నీలం, ‘అమ్మ’ పసుపు, ‘ఆయన’ ఎరుపు. నాకు ఎరుపెందుకని అడిగితే, “ప్రమాద సూచిక” అన్నావు. అప్పుడు అత్తయ్య సోఫాలో కూర్చుని, బస్టాండు మైకు దగ్గర ముప్పై ఏళ్ళు వాడిన ఆ గొంతు ఎత్తి, “ప్రయాణికులకు విజ్ఞప్తి. అల్లుడుగారి పేజీ ఈ రోజు కూడా ఆలస్యంగా నడుచుచున్నది. జరిగిన అసౌకర్యానికి కూతురు చింతించుచున్నది” అన్నారు. నువ్వు నవ్వు ఆపుకోలేక ఫోను పక్కన పడేశావు. నేను మాత్రం కాస్త ఉడుక్కున్నాను. ఆ రోజు ఉడుక్కోకుండా ఉండాల్సింది.

ఇప్పుడు నీ అసలు ప్రశ్న. ‘అమ్మ’ పేజీలో ఒక్క గడి కూడా కదలడం లేదేమని, ఉత్తరం అడుగున అమ్మ రెండు ముక్కలైనా ఎందుకు రాయదని, నా మీద కోపమా అని అడిగావు. కోపం కాదు. కూర్చుని చదువు. ప్రాణానికేమీ భయం లేదు. ముందు అది గుర్తుపెట్టుకుని తర్వాత చదువు.

నువ్వు కొండెక్కిన రెండో నెలలో, ఒక పొద్దున నేను పనికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటున్నాను. అత్తయ్య టీ కప్పు పట్టుకుని వంటింటి వాకిట్లో నిలబడి రోజూ మాదిరిగానే నన్ను దులుపుతున్నారు. “అల్లుడుగారూ, ఆ తడి తువ్వాలు కుర్చీ మీద...” అని మొదలుపెట్టారు. తర్వాత వచ్చినవి మాటలు కావు. గరగరమని ఏవో శబ్దాలు. నేను నవ్వాను. మైకు చెడిపోయినట్టు నటిస్తున్నారనుకున్నాను. “బాగుంది అత్తయ్యా, ఇంకొకసారి” అన్నాను కూడా. కప్పు జారి పడింది. అప్పటికి గాని నేను తలెత్తి ముఖం చూడలేదు.

మెదడులో ఎడమవైపు రక్తనాళం పూడుకుపోయిందన్నారు. అంబులెన్సు తొందరగానే వచ్చింది, ఆసుపత్రిలో చెయ్యాల్సినవన్నీ చేశారు, ఆ విషయంలో ఎవరినీ అనడానికి లేదు. ఇప్పుడు కర్ర పట్టుకుని ఇల్లంతా నడుస్తున్నారు. కుడికాలు కాస్త ఈడుస్తారు. కుడిచెయ్యి ఇంకా స్వాధీనంలోకి రాలేదు, చెంచా ఎడమచేత్తో పట్టుకుంటారు. అన్నం బాగానే తింటున్నారు. మనుషుల్ని గుర్తుపడుతున్నారు. నేను నీ మాట ఎత్తితే కళ్ళు తలుపు వైపు తిరుగుతాయి.

మాట పోయింది.

మొత్తం పోలేదు. ఒక్కటి మిగిలింది. “దయచేసి.” ఆకలేసినా దయచేసి, కోపం వచ్చినా దయచేసి, బాత్రూముకు వెళ్ళాలన్నా, టీవీ గొంతు తగ్గించమన్నా దయచేసి. ఏళ్ళ తరబడి రోజుకు లెక్కలేనన్నిసార్లు మైకులో అన్న మాట కదా, మిగతావన్నీ పోయినా అది నాలుక మీద అచ్చుపడి ఉండిపోయిందన్నారు డాక్టరు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఆవిడ నన్ను ఎన్ని మాటలన్నారో నీకు తెలుసు. ఆ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ అనలేదు. ఇప్పుడు రోజంతా అదే అంటున్నారు. నేను విని నిలబడతాను. ఏం కావాలో తెలియదు. నీళ్ళు తెస్తాను, కాదు. దిండు సర్దుతాను, కాదు. కిటికీ వేస్తాను, తీస్తాను. ఆవిడ ఎడమచెయ్యి గాలిలో కొట్టుకుంటుంది. చివరికి అలిసిపోయి ముఖం గోడవైపు తిప్పుకుంటారు. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడతాను.

మేము లిఫ్టులు బాగుచేసేటప్పుడు చూసుకునే బోర్డు ఒకటి లోపల ఉంటుందని నీకు చెప్పాను కదా. ఎక్కడ తేడా వచ్చిందో అది అంకెల్లో చెబుతుంది. తలుపా, మోటారా, తాడా అని చూసుకుని ఆ పని చేస్తే సరిపోతుంది. నాకు చేతనైన పని అది. ఇక్కడ ఏ అంకె లేదు.

ఆసుపత్రి నుంచి ఒకావిడ వారానికి రెండుసార్లు ఇంటికి వస్తుంది. పోయిన మాటలు మళ్ళీ నేర్పించడం ఆమె ఉద్యోగం. నేను మాటల టీచరు అంటాను. ఆమే మొదటి వారం అంది, “మీ ఇద్దరికీ మధ్య ఏదో ఒక దారి ఉండాలండీ. బొమ్మలో, సైగలో, ఫోనులో ఏదైనా. ఆమెకు కావాల్సింది వేలితో చూపించగలిగితే సగం చిరాకు పోతుంది.” ఆ చివరి మాట పట్టుకున్నాను నేను. నువ్వు చేసిన పేజీలు గుర్తొచ్చాయి. పెద్ద ట్యాబ్ ఒకటి కొని ఆ యాపే వేసి, కొత్త పుస్తకం తెరిచాను. అది నీకు కనిపించేలా పెట్టలేదు. ఎందుకో తర్వాత రాస్తాను.

మొదట ఒక్క పేజీ. ‘పొద్దున’ అని. పళ్ళు తోముకోవడం, టీ, మాత్ర, వ్యాయామం. ఒక్కొక్కదాని పక్కన గడి. అత్తయ్య చేతికిచ్చి, “అయిపోయినదాని మీద వేలు పెట్టండి” అన్నాను. పెట్టారు. టప్పుమని చిన్న చప్పుడుతో టిక్కు పడింది, ఆ వరుస బూడిదరంగులోకి మారి కిందికి జారిపోయింది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ నా ముఖం చూసి ఎడమపక్క పెదవితో నవ్వారు.

అంతే, ఇంక నన్ను ఎవరూ ఆపలేకపోయారు. ‘మధ్యాహ్నం’, ‘సాయంత్రం’, ‘రాత్రి’ పేజీలు వచ్చాయి. ‘చేతి వ్యాయామం’, ‘కాలి వ్యాయామం’, ‘నాలుక వ్యాయామం’ వేరువేరుగా. ‘కావాల్సినవి’ అని ఒకటి, దానిలో తాగేవి, తినేవి, కప్పుకునేవి. ఒక్కొక్కదానికి ఒక రంగు. గంట గంటకూ ట్యాబ్ మోగేలా గుర్తుచేసేవి పెట్టాను. భోజనం చేస్తూ పేజీలు అటూ ఇటూ జరిపేవాణ్ణి. ముఖ్యమైనవి పేజీ పైన పిన్నుతో గుచ్చినట్టు పెట్టేవాణ్ణి, తర్వాత అన్నీ ముఖ్యమైనవే అనిపించి అన్నీ గుచ్చేవాణ్ణి. ఒక వరుసను రెండుగా చీల్చి, మళ్ళీ ఒకటి చేసి, రంగు మార్చి, దానికి పేరు మార్చి. ఎరుపు పేజీలో మూడు పనులు చెయ్యలేని మనిషిని నేను. పక్కింటి పిన్నిగారు ఇదంతా చూసి, “ఏమయ్యా, ఆవిడను చూసుకుంటున్నావా, ఆ పలకను చూసుకుంటున్నావా?” అన్నారు. నేను నవ్వేశాను గాని, ఆ పలక చేతిలో ఉన్నంతసేపూ నేనేదో చేస్తున్నట్టు ఉండేది. అది కింద పెడితే ఆవిడ, నేను, ఆ ఒక్క మాట.

ఆ ట్యాబ్‌లో ఆవిడ పెట్టే టిక్కులు నా ఫోనులో కూడా కనిపిస్తాయి. లిఫ్టు గూటిలో, పెట్టె పైకప్పు మీద నిలబడి తాళ్ళకు నూనె పెడుతుంటే జేబులో టప్పుమనేది. తీసి చూస్తే ‘నీళ్ళు తాగాను.’ కాసేపటికి మళ్ళీ టప్పు. ‘చేతి వ్యాయామం.’ ఆ చీకటి గూటిలో నిలబడి నా పక్కనున్నవాడికి చూపించేవాణ్ణి. “మా అత్తగారు చూడు, ఒక్కటి కూడా వదలరు” అని. నీ ‘అమ్మ’ పేజీలో అన్ని టిక్కులు నువ్వు ఎన్నడూ చూసి ఉండవు. ఆవిడ బాగుపడుతున్నారని నమ్మాను. మధ్యాహ్నం పిన్నిగారు వచ్చి అన్నం పెట్టి వెళ్తారు. ఆవిడతో కూడా గొప్పగా చెప్పాను, “మాత్ర మీరు ఇవ్వనక్కర్లేదు, గిన్నెలో పెట్టి వెళ్తున్నాను, వేసుకుని టిక్కు పెడతారు” అని.

ఒకరోజు పన్నెండు కూడా కాలేదు, ఫోను ఆగకుండా మోగింది. ‘మధ్యాహ్నం మాత్ర.’ ‘సాయంత్రం నడక.’ ‘రాత్రి భోజనం.’ ‘రాత్రి మాత్ర.’ ‘దీపం ఆర్పి పడుకున్నాను.’ అన్నీ వరసగా టక టకా పడిపోతున్నాయి. రాత్రి మాత్ర పొద్దున్నే వేసేసుకున్నారేమో అనుకున్నాను. పనిముట్లు అక్కడే వదిలేసి, సూపర్‌వైజరు వెనక నుంచి కేకేస్తున్నా వినిపించుకోకుండా పరుగెత్తుకుంటూ ఇంటికి వచ్చాను.

అత్తయ్య కిటికీ పక్కన కుర్చీలో నిమ్మళంగా కూర్చుని ఉన్నారు. ఒళ్ళో ట్యాబ్. గడి మీద వేలు పెడుతున్నారు, టిక్కు పడుతోంది. మళ్ళీ పెడుతున్నారు, పోతోంది. నన్ను చూసి ట్యాబ్ నా వైపు తిప్పి చూపించారు, పరీక్షలో అన్నీ రాసేసిన పిల్లలా. రాత్రి మాత్రలు డబ్బాలో అలాగే ఉన్నాయి.  తర్వాత ఆవిడ కళ్ళజోడు డబ్బా తెరిస్తే, మధ్యాహ్నం వేసుకోవాల్సిన రక్తపోటు మాత్రలు. ఒకటి కాదు, చాలా. దానిలో ఒక మూలకు పొందిగ్గా పేర్చి ఉన్నాయి. ఒక్కొక్కదానికీ ఫోనులో ఒక్కొక్క టిక్కు ఉంది.

ఆ సాయంత్రం మాటల టీచరును పిలిపించాను. ఆమె నా పేజీలన్నీ ఓపిగ్గా చూసింది. తర్వాత కాగితం మీద ‘నీళ్ళు’ అని, ‘గొడుగు’ అని రాసి, బల్ల మీద నీళ్ళ గ్లాసు పెట్టి, ఏది దీని పేరో చూపించమంది. అత్తయ్య చాలాసేపు చూశారు. గొడుగు మీద వేలు పెట్టారు. పెట్టి, తప్పేమోనని నా ముఖం కేసి చూశారు.

“అక్షరాలు ఆమెకు ఇప్పుడు గీతల్లాగే కనిపిస్తున్నాయండీ” అంది టీచరు. “మీరు రాసినదేదీ ఆమె చదవలేదు.”

“మరి ఈ టిక్కులు?”

ఆమె ట్యాబ్ బల్ల మీద పెట్టింది. “గడి మీద వేలు పెడితే మీరు సంతోషిస్తున్నారు కదా. ఆ ఒక్క సంగతి ఆమెకు బాగా అర్థమైంది” అంది.

నేను లేచి వంటింట్లోకి వెళ్ళి నిలబడ్డాను. అంట్లు కడగడానికి ఏమీ లేవు. అయినా కుళాయి తిప్పి పెట్టుకున్నాను. అన్ని రోజులూ నేను ఆవిడ కోసం రాసుకుంటూ ఉంటే, ఆవిడ నా కోసం టిక్కులు పెడుతూ కూర్చున్నారు. మాట లేని మనిషి, చెయ్యి రాని మనిషి, ఇంట్లో నన్ను ఎలా ఊరుకోబెట్టాలా అని చూశారు.

ఆ పేజీలన్నీ తీసేశాను. టీచరు చెప్పినట్టు ఒక్కటే పేజీ పెట్టి, అక్షరాలు లేకుండా ఫొటోలు పెట్టాను. మన నీలం గ్లాసు, ఆవిడ దుప్పటి, బాత్రూము తలుపు, కిటికీ, టీవీ, నొప్పి అని చెప్పడానికి చేత్తో తల పట్టుకున్న నా ముఖం. ఆ ఫొటో చూసి అత్తయ్య నిజంగా నవ్వారు, భుజాలు కదిలేలా. మాత్రలు పిన్నిగారే చేతిలో పెట్టి మింగేదాకా నిలబడుతున్నారు. రక్తపోటు ఇప్పుడు అదుపులో ఉంది. నిన్న కిటికీ ఫొటో మీద వేలు పెట్టారు, నేను కిటికీ తీశాను, ఆవిడ తలూపారు. ఇంత జరిగాక మేమిద్దరం ఒకరికొకరం చెప్పుకున్న మొదటి మాట అదే.

ఇప్పుడు దాచిపెట్టినది రాయాలి. రాయడానికి మూడు రోజుల నుంచి కూర్చుంటున్నాను.

ఆసుపత్రిలో రెండో రోజు ఆవిడకు తెలివి వచ్చాక, నీకు కబురు చెయ్యాలని ఫోను తీశాను. నీ నంబరు కలవదని తెలుసు. మీ వాతావరణ ఆఫీసుకు చేస్తే వాళ్ళు వైర్‌లెస్‌లో నీకు చెబుతారు, ఆ నంబరు నువ్వే ఫ్రిజ్ మీద అంటించి, నా ఫోనులోనూ ఎక్కించి వెళ్ళావు. తెరవగానే తెర మీద ఎప్పుడూ ఉండే నీ ఫొటో వచ్చింది. అది చూసి అత్తయ్య ఎడమచేత్తో నా ఫోను లాక్కున్నారు. లాక్కుని గుండెకు అదుముకుని తల అడ్డంగా ఊపారు. “చెప్పొద్దా అత్తయ్యా?” అన్నాను. మళ్ళీ ఊపారు. సరేనన్నాను.

ఆ ఉద్యోగానికి నీ చేత దరఖాస్తు పెట్టించింది ఆవిడే. నేను సణిగితే, “నా కూతురు మబ్బుల దగ్గర కూర్చుంటానంటే మీకేమిటయ్యా అడ్డం?” అని నా నోరు మూయించింది ఆవిడే. మధ్యలో దిగి వచ్చినవాళ్ళకు ఆ కొండ మీద మళ్ళీ చోటివ్వరని ఆవిడకు తెలుసు. కాబట్టి చెప్పొద్దన్నారనుకున్నాను. ఆ మాట మీదే ఇన్నాళ్ళూ నిలబడ్డాను.

మొన్న మాటల టీచరు మాటల్లో మాటగా ఒక సంగతి చెప్పింది. ఈ జబ్బు వచ్చినవాళ్ళకు మొదట్లో అవును, కాదు కూడా తారుమారవుతాయట. అవునని చెప్పబోయి తల అడ్డంగా ఊపుతారట. ఆ మాట విన్న దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఆ రోజు ఆవిడ ఫోను లాక్కున్నది నీకు చెప్పొద్దనా? నా కూతుర్ని నాకివ్వు అనా? నాకు తెలియదు. ఇంక ఎప్పటికీ తెలియదు. రెండు అర్థాల్లో నాకు సులువైనది నేను తీసుకున్నాను.

నువ్వు కింది ఊరికి దిగి రెండుసార్లు ఫోను చేశావు. మొదటిసారి స్నానానికి వెళ్ళారన్నాను. రెండోసారి నిద్రపోతున్నారన్నాను. నిద్రపోవడం లేదు. నా పక్కనే సోఫాలో కూర్చుని ఉన్నారు. నువ్వు గట్టిగా మాట్లాడతావు కదా, నీ గొంతు బయటికి వినిపించింది. అత్తయ్య చెయ్యి చాపారు. నేను బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. అద్దంలోంచి ఆవిడ నన్నే చూస్తున్నారు. చాపిన చెయ్యి అలాగే ఉంది. నేను ఇటు తిరిగి నిలబడి నీతో గులాబీ గురించి మాట్లాడాను.

దీనికి నువ్వు నన్ను ఏమన్నా పడతాను.

నీ ఉత్తరం వచ్చాక, ఇదే ఆఖరి బండి అని తెలిశాక, ఇంక ఆవిడనే అడుగుదామనుకున్నాను. ట్యాబ్‌లో రెండు ఫొటోలు పెట్టాను. ఒకదానిలో నువ్వు మన భోజనం బల్ల దగ్గర కూర్చుని ఉన్నావు. ఇంకొకదానిలో ఆ లావు కోటు వేసుకుని కొండ మీద గాలిగిన్నెల పక్కన నిలబడి ఉన్నావు. ఒక్కొక్కదాని పక్కన ఒక గడి. “అత్తయ్యా, ఇక్కడికి రమ్మననా? అక్కడే ఉండమననా? తొందరేం లేదు, చూసి చెప్పండి” అన్నాను.

చాలాసేపు చూశారు. నీ రెండు ముఖాలనూ వేలితో నిమిరారు. బల్ల దగ్గర ఫొటోకు టిక్కు పెట్టారు. నేను లేవబోయాను. కొండ మీద ఫొటోకు కూడా పెట్టారు. తర్వాత రెండూ తీసేశారు. మళ్ళీ రెండూ పెట్టారు. “ఒక్కటే అత్తయ్యా, ఏదో ఒక్కటే” అన్నాను. నా గొంతు పెరిగిందేమో. ఆవిడ ట్యాబ్‌ను బల్ల చివరిదాకా తోసేసి, “దయచేసి” అన్నారు. ఏడ్చారు. మావయ్యగారు పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి. నేను కుర్చీ దగ్గరికి జరుపుకుని ఆవిడ కుడిచెయ్యి, ఆ పడిపోయిన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. 

డాక్టరును సూటిగా అడిగాను. కొన్ని మాటలు రావచ్చు, రాకపోవచ్చు అన్నారు. వస్తే ఈ మొదటి నెలల్లోనే ఎక్కువ వస్తాయి, అలవాటైన గొంతులు చుట్టూ ఉంటే మంచిది అన్నారు. నువ్వొస్తే మాట వస్తుందా అని అడిగితే, అలా ఎవరూ మాటివ్వలేరండీ అన్నారు. నువ్వు ఉద్యోగం వదిలి వచ్చాక కూడా ఆవిడ ఇలాగే ఉండిపోవచ్చు. నువ్వు అక్కడే ఉండి, మంచు కరిగాక వచ్చేసరికి ఆవిడ కోలుకుని ఉండవచ్చు, లేదా ఈ జబ్బే ఇంకోసారి వచ్చి అసలు మనిషే లేకపోవచ్చు. 

అన్నీ రాసేశాను, ఇంక నీ ఇష్టం అని ముగించాలనుకున్నాను. అలా ముగించిన ఉత్తరం ఒకటి రాశాను కూడా. తర్వాత చదువుకుంటే సిగ్గేసింది. బండి బయట నిలబెట్టుకుని, సరుకులు దింపే ఆ కాసేపట్లో నిన్ను ఒక్కదాన్నే తేల్చుకోమనడం ఏం న్యాయం? రెండు ఫొటోలు పెట్టి అత్తయ్యను ఏడిపించినట్టే నిన్నూ ఏడిపించడం అవుతుంది. ఆ కాగితం చింపేశాను.

అందుకని నేనే చెబుతున్నాను. వచ్చెయ్.

అమ్మ రమ్మన్నారని కాదు, ఆవిడ ఏమన్నారో నాకు తెలియదు. డాక్టరు రమ్మన్నారని కాదు. నేను రమ్మంటున్నాను. నాకు చేతకావడం లేదు. రేపు ఎప్పుడైనా ఏ ఆఫీసు గదిలోనో కూర్చుని ఆ కొండను తలుచుకుని నీ కడుపు మండిన రోజున, మా ఆయన రమ్మన్నాడు కాబట్టి వచ్చాను అనుకో. నన్ను తిట్టు. ఆ తిట్లు పడటానికి నేను ఒప్పుకుని ఇది రాస్తున్నాను. దుస్తులు సర్దుకోవడానికి టైము లేకపోతే వదిలేసి రా, తర్వాత పంపించమనవచ్చు. కిందికి దిగాక దారి పక్క బడ్డీ కొట్టు దగ్గర నేను ఉంటాను. ఆ రోజు అత్తయ్య దగ్గర పిన్నిగారు ఉంటానన్నారు.

ఒకవేళ నువ్వు బండెక్కకపోయినా, ఎందుకెక్కలేదని ఈ జన్మలో అడగను. డ్రైవరు చేతికి ఒక్క ముక్క రాసి ఇవ్వు, నేను అత్తయ్యకు చదివి వినిపిస్తాను.

ఇంతవరకూ రాసి, ఈ పొద్దున ఆవిడను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇదంతా చదివి వినిపించాను. ఆవిడకు తెలియకుండా ఇంక ఏదీ పంపకూడదనుకున్నాను. ఎంతవరకు అర్థమైందో తెలియదు. గులాబీ దగ్గర నవ్వినట్టే ఉన్నారు. బాల్కనీ దగ్గర కళ్ళు దించుకున్నారు, లేదా నాకలా అనిపించిందేమో. ‘వచ్చెయ్’ అన్న దగ్గర ఆగి ముఖంలోకి చూశాను. నా ముఖంలోకి ఆవిడా చూశారు. అవునని లేదు, కాదని లేదు. తర్వాత ఎడమచెయ్యి చాపి నా చేతిలో పెన్ను తీసుకున్నారు. ఏదైనా రాస్తారేమోనని కాగితం దగ్గరికి జరిపాను. రాయలేదు. బల్ల మీద వెతికి మూత తీసుకుని పెట్టబోయారు. ఒక్క చేత్తో కుదరలేదు. నేను పెన్ను పట్టుకున్నాను, ఆవిడ మూత పెట్టి బొటనవేలితో గట్టిగా నొక్కారు. చాలు అన్నారా, పంపు అన్నారా, తెరిచి ఉంచితే సిరా ఎండిపోతుందని అలవాటుగా పెట్టారా, నన్ను అడగకు.

ఈ నాలుగు ముక్కలూ, కింద ఇట్లు అనీ రాయడానికి మళ్ళీ మూత తీయాల్సి వచ్చింది.

ఇట్లు,
నిన్ను రమ్మంటున్న
మీ ఆయన